గద్వాల చీర, కారు పట్టీ

నూలు చీరకు పట్టు అంచు కలిపి నేయు గద్వాల, 2016 వరకు మహబూబునగరు జిల్లాలోని ఊరు. ఆ చీరకు బట్టల సోడా తగులరాదని పాలమూరు ఇల్లాండ్రకు వేరుగ చెప్పనక్కరలేదు. సోడాలోని క్షారము పట్టుదారమును కొరికివేయును. కనుకనే పలుచని కుంకుడు నురుగు, నీడపట్టున ఆరవేత.

వాకిట నిలిచిన కారు దగ్గర మాత్రము ఈ వివేకము మరుగుపడును. సీట్లపై దుమ్ము పేరుకొన్నదే తడవుగ అద్దములు తుడుచు అమోనియా ద్రవము, స్నానాలగదిలోని బ్లీచింగు నీరు కారులోనికి నడచును. అమోనియాకు అద్దముల నంటించిన పలుచని పొర చెడును. ఘాటైన సబ్బులకు తోలు బిరుసెక్కి బీటలు వారును. ఇవి డబ్బుతో తీరు నష్టములు.

సీటుబెల్టు సంగతి వేరు. అదియు నేతబట్టయే గదా! బ్లీచింగు నీరు దాని దారముల బలమును హరించునని కార్ల తయారీదారులు హెచ్చరించుచున్నారు. పైకి పట్టీ తళతళలాడుచునే యుండును. దాని నిజమైన బలము విజయవాడ రహదారిపై, ఏ చిట్యాల దగ్గరనో ఆకస్మికముగ బ్రేకు వేసిననాడు గాని తెలియదు.

బ్లీచింగు నీటిలో అమోనియా కలిసినచో విషవాయువు పుట్టును. గదికి కిటికీలైన నుండును. తలుపులు మూసిన కారులో ఊపిరికి చోటేది?

పట్టీకి కావలసినది స్వల్పమే. దానిని పూర్తిగ వెలికిలాగి, గోరువెచ్చని నీటిలో కొద్దిపాటి మెత్తని సబ్బు కలిపి, పిండిన గుడ్డతో తుడిచి, సబ్బు మిగులకుండ మరల తడిగుడ్డతో ఒత్తి, నీడలో బాగుగ ఆరిన పిదపనే లోనికి పోనీయవలెను.