లేఖలలో యుద్ధకథ

కథ చెప్పుటకు అనేక మార్గములు గలవు. కొన్ని కథలను రచయితయే చెప్పును. అతడు పాత్రల మనస్సులలోని మాటలను సయితము మనకు విప్పి చూపును. కొన్నింటిని కథలోని మనుష్యుడే 'నేను' అని చెప్పుకొనును. మూడవ మార్గ మొకటి గలదు. అందు కథకుడు కానరాడు. పాత్రలు ఒకరికొకరు వ్రాసికొనిన జాబులు మాత్రము వరుసగా నుండును. ఆ జాబులను చదివి కథను మనమే కూర్చుకొనవలెను. ఇట్టి నవలకు లేఖానవల యని పేరు. ఆంగ్లమున శామ్యూల్ రిచర్డ్‌సన్ 1740లో ప్రకటించిన 'పమేలా', జర్మను భాషలో గేటే 1774లో ప్రకటించిన వెర్థర్ కథ ఈ జాతికి చెందిన ప్రసిద్ధ గ్రంథములు.

యుద్ధకాలపు కథలకు ఈ మార్గము మిక్కిలి తగినది. యుద్ధము తల్లిని బిడ్డనుండి, భర్తను భార్యనుండి, మిత్రుని మిత్రునినుండి వేరుచేయును. కలసియున్నవారికి జాబుతో పనిలేదు. వేరైనవారికి జాబే కన్ను, జాబే చెవి. ఏ సేన యెన్నడు ఏ రేవున దిగినదో చరిత్రగ్రంథము చెప్పును. ఆ రాత్రి ఒక యింటి పొయ్యిపై నేమి ఉడుకుచుండెనో, ఆ యింటి ముసలివాడు ఎవరి రాకకై తలుపువైపు చూచుచుండెనో జాబు చెప్పును. అయితే జాబులోని ప్రతిమాటయు నమ్మదగినది కాదు. కావలసిన ప్రతిమాటయు జాబులో నుండదు. కావున ఇట్టి నవలను చదువుటకు ఒక నేర్పు కావలెను. ఆ నేర్పు ఎట్టిదో ఒక నవలను ముందుంచుకొని విచారింతము. ముందుగా ఆ నవలకు ఆధారమైన చరిత్రను తెలిసికొనుట మంచిది.

ఇంగ్లండునకును ఫ్రాన్సునకును నడుమనున్న సముద్రభాగమును ఇంగ్లీషు ఛానెల్ అందురు. అందు ఫ్రాన్సు తీరమునకు చేరువగా గెర్న్సీ యను చిన్న ద్వీపము గలదు. అది బ్రిటిషు కిరీటమునకు లోబడినది. రెండవ ప్రపంచయుద్ధమున, 1940 జూన్ నెలలో, ఫ్రాన్సు జర్మనులకు లొంగిపోయెను. ఇక ఈ ద్వీపమును కాపాడుట సాధ్యము కాదని తలచి బ్రిటిషు ప్రభుత్వము తన సైన్యమును వెనుకకు తీసికొనెను. అప్పుడు ద్వీపమున సుమారు 42,000 మంది యుండిరి. వారిలో సుమారు 17,000 మంది కొలది దినములలో ఓడలెక్కి ఇంగ్లండు చేరిరి. వేలకొలది బడిపిల్లలను ఉపాధ్యాయుల వెంట పంపివేసిరి. బిడ్డను పంపుటయా, దగ్గర నుంచుకొనుటయా యని నిశ్చయించుటకు చాలమంది తల్లిదండ్రులకు కొలది గంటల వ్యవధి మాత్రమే యుండెను.

జూన్ 28న జర్మను విమానములు సెయింట్ పీటర్ పోర్టు రేవుపై బాంబులు కురిపించెను. ఎగుమతి కొరకు టమాటాపండ్లతో బారులు తీరి నిలిచిన లారీలపై అవి పడెను. ముప్పదిమందికి పైగా మరణించిరి. జూన్ 30న జర్మనులు ద్వీపమున దిగిరి. అప్పటినుండి 1945 మే 9వ తేదీవరకు, అనగా దాదాపు అయిదేండ్లు, గెర్న్సీ శత్రువుల చేతిలో నుండెను. 1944లో ఫ్రాన్సునుండి సరకులు వచ్చుట నిలిచిపోగా ప్రజలును, జర్మను సైనికులును ఆకలితో అలమటించిరి. ఆ సంవత్సరము డిసెంబరు 27న 'వేగా' అను ఓడ రెడ్‌క్రాస్ వారి ఆహారపు పొట్లములతో వచ్చి ప్రజల ప్రాణములు నిలిపెను.

ఆ అయిదేండ్లు ఇంగ్లండుతో మామూలు తపాలా లేదు. రాత్రి నిర్ణయించిన వేళ దాటిన పిమ్మట వీధిలో నడచుట నేరము. 1942లో రేడియోలను సయితము లాగుకొనిరి. దూరముననున్న పిల్లల క్షేమము తెలిసికొనుటకు రెడ్‌క్రాస్ ద్వారా పోవు చీటీయే దిక్కు. అందు 25 మాటలకు మించి వ్రాయరాదు. కుటుంబ విషయములు తప్ప వేరేమియు వ్రాయరాదు. ఆ చీటీ చేరుటకు నెలలు పట్టుచుండెను.

విద్యార్థులారా! ఒకసారి మీరును ప్రయత్నించి చూడుడు. ఏడాదిగా చూడని తల్లికి 25 మాటలలో జాబు వ్రాయుడు. ఏ మాట నుంచవలెనో, ఏ మాటను విడువవలెనో తోచక కలము ఆగిపోవును. వ్రాసిన మాటలకంటె విడిచిన మాటల బరువే ఎక్కువయని అప్పుడు తెలియును. లేఖానవల చదువువారు మొదట గ్రహింపవలసినది ఈ బరువునే.

ఇక నవల సంగతి. మేరీ ఆన్ షాఫర్ అను అమెరికా స్త్రీ 1976లో గెర్న్సీకి పోయెను. తిరుగు ప్రయాణమున దట్టమైన మంచు క్రమ్మి విమానములు నిలిచిపోయెను. విమానాశ్రయమున చిక్కుకొనిన ఆమె, అక్కడి దుకాణములో జర్మను ఆక్రమణను గూర్చి యున్న పుస్తకములను చదివెను. నవలకు బీజము అక్కడ పడినది. చాల యేండ్లకు ఆమె నవలను వ్రాసెను గాని, తుదిమార్పులు చేయవలసిన సమయమున రోగపీడితురాలయ్యెను. ఆమె సోదరి కుమార్తెయు, బాలసాహిత్య రచయిత్రియు నైన ఆనీ బారోస్ ఆ పనిని పూర్తిచేసెను. 2008 ఫిబ్రవరిలో షాఫర్ కన్నుమూసెను; ఆ యేడే నవల అచ్చయి వెలువడెను. దాని పేరు 'ది గెర్న్సీ లిటరరీ అండ్ పొటాటో పీల్ పై సొసైటీ'. గెర్న్సీ ద్వీపపు సాహిత్య, బంగాళాదుంప తొక్కల వంటక సంఘము అని దాని భావము.

కథ 1946 జనవరిలో, అనగా యుద్ధము ముగిసి ఏడాదియైనను కాకముందు, ఆరంభమగును. లండనులో జూలియట్ ఆష్టన్ అను రచయిత్రి యుండెను. ఎన్నడును చూచి యెరుగని గెర్న్సీ రైతు, డాసీ ఆడమ్స్ అనువాడు, ఆమెకొక జాబు వ్రాసెను. చార్లెస్ లాంబ్ వ్యాసముల పాతప్రతి ఒకటి అతని చేత పడినది. అందు పూర్వపు సొంతదారైన జూలియట్ పేరును, చిరునామాయు నుండెను. తమ ద్వీపమున పుస్తకముల అంగళ్లు మిగులలేదనియు, లాంబ్ గ్రంథములు తెప్పించుకొనుటకు లండనులోని యొక అంగడి పేరు తెలుపవలసినదనియు అతడు కోరెను. తమ సంఘపు పేరును గూడ ప్రస్తావించెను. ఆ వింతపేరునకు కారణమేమని జూలియట్ తిరుగుటపాలో అడిగెను. ఇట్లు జాబుకు జాబు తోడై కథ పెరిగెను.

ఆ పేరునకు కారణ మిది. జర్మనుల కంటబడకుండ దాచిన యొక పందిని వండుకొని, ఇరుగుపొరుగువారు కొందరు చాల కాలమునకు కడుపునిండ తినిరి. ఇండ్లకు మరలునప్పటికి అనుమతించిన వేళ దాటిపోయెను. దారిలో జర్మను కావలివారు తుపాకులతో అడ్డగించిరి. అప్పుడు ఎలిజబెత్ మెకెన్నా యను యువతి తడబడక, తాము ఒక సాహిత్యసంఘపు సమావేశమునుండి వచ్చుచున్నామని బొంకెను. ఆ బొంకు నిలువవలెనన్న నిజముగా సంఘము నడపవలెను. పుస్తకము ముట్టి యెరుగనివారు సయితము భయముచే చదువ మొదలిడి, తరువాత ఇష్టముచే చదివిరి. ఒక సభ్యుడు ఫలహారము లేనిదే సమావేశమునకు రాననెను. వెన్నయు, పిండియు లేవు. ఉడికించి మెదిపిన బంగాళాదుంపలను లోపల నుంచి, తీపికి బీటుదుంప రసము చేర్చి, దుంపతొక్కలనే పైపొరగా పరచి కాల్చిరి. ఆ వంటకము పేరే సంఘము పేరులో చేరెను. తొక్కను సయితము పారవేయలేని లేమి యెట్టిదో ఆ పేరే చెప్పుచున్నది.

ఇట్టి నవలను చదువునప్పుడు ప్రతి జాబునకును పైన నున్న తేదీని, స్థలమును, ఎవరు ఎవరికి వ్రాసిరో ఆ పేర్లను విడువక చూడవలెను. తొందరపడి వీనిని దాటిపోవువానికి సగము కథ జారిపోవును. ఏలయన ఒకే విషయము వ్రాయువారిని బట్టి మారును. ఈ నవలలో సంఘసభ్యుల జాబులలో ఎలిజబెత్ ధైర్యశాలిని, దయామయి. అడిలెయిడ్ ఆడిసన్ అను నామె జాబులలో అదే ఎలిజబెత్ కట్టుబాటు లేని స్త్రీ. ఎవరి మాట నిజము? ఇట్లు నమ్ముడు అని చెప్పుటకు కథకుడు లేడు. న్యాయాధిపతి సాక్షులను విచారించినట్లు మనమే విచారింపవలెను. ఈమెకు ఆ యువతిపై కోప మెందుకు? తాను కన్నులార చూచినదెంత, విన్నదెంత? ఇట్లు ప్రశ్నించుకొనగా నిందావాక్యములు ఎలిజబెత్తునుగాక, నిందించినదాని స్వభావమునే బయలుపెట్టుచున్నవని తెలియును. మరియు ఒకే మనిషి ఇద్దరికి వ్రాసిన జాబులను పోల్చిచూడవలెను. జూలియట్ క్రొత్తవారికి నవ్వుచు వ్రాయును. చిరకాల మిత్రుడైన ప్రచురణకర్త సిడ్నీకి తన దిగులును దాచక చెప్పును. రెండును ఆమెయే.

ఇంతకంటె ముఖ్యమైన దొకటి గలదు. ఎవరి జాబు లేదో గమనింపవలెను. ఈ నవలకు ప్రాణమైన ఎలిజబెత్, జూలియట్‌కు ఒక్క జాబును వ్రాయదు. ఆమె ద్వీపమున లేదు. జర్మనులు కోటలు కట్టించుటకు పరదేశములనుండి తెచ్చి, తిండిపెట్టక చాకిరి చేయించిన కూలివారిలో నొకనిని ఆమె దాచి కాపాడెను. ఆ నేరమునకు ఆమెను పట్టి తీసికొనిపోయిరి. ఆమె నాలుగేండ్ల కూతురు కిట్‌ను సంఘసభ్యులు తలా కొంతకాలము పెంచుచుందురు. రేపో మాపో తల్లి వచ్చునని అందరును ఎదురుచూచుచుందురు. తుదకు జాబు వచ్చును. కాని అది ఎలిజబెత్ వ్రాసినది కాదు. జర్మనీలోని రావెన్స్‌బ్రూక్ ఖైదీల శిబిరమున ఆమెతోనుండి బ్రతికి బయటపడిన రెమీ యను ఫ్రెంచి యువతి వ్రాసినది. తోడి ఖైదీని కొట్టుచున్న కావలిస్త్రీకి ఎదురుతిరిగినందున ఎలిజబెత్తును చంపిరని అందుండెను. ఇక ఆ బిడ్డకు తల్లి యనగా ఇతరులు వ్రాసిన మాటలే. మృతుల పక్షమున మాటలాడువారు బ్రతికినవారే; వారు వ్రాయనిచో ఆ మంచితనము మరుగున పడిపోవును. యుద్ధకాలపు లేఖానవల మనకు చెప్పు ప్రధానసత్య మిదియే.

గెర్న్సీ నవలలోని జాబులు యుద్ధము ముగిసిన పిదప వ్రాసినవి. కావున ద్వీపవాసులు జర్మనుల భయము లేక వ్రాయగలిగిరి. భయము నడుమ వ్రాసిన జాబులను వేరువిధముగా చదువవలెను. దీనికి కాథ్రిన్ క్రెస్మన్ టేలర్ అను అమెరికా రచయిత్రి 1938లో ప్రకటించిన 'అడ్రస్ అన్‌నోన్' అను చిన్న లేఖాకథ తగిన యుదాహరణము. చిరునామాదారు తెలియరాలేదు అని దాని యర్థము. శాన్‌ఫ్రాన్సిస్కోలో మాక్స్ అను యూదుడును, మార్టిన్ అను జర్మనుడును కలసి చిత్రముల వ్యాపారము చేయుచుండిరి. 1932లో మార్టిన్ జర్మనీకి మరలిపోయెను. మరుసటి యేట హిట్లరు అధికారమునకు వచ్చెను. మొదట సోదరులవలె జాబులు వ్రాసికొనిన వారిలో మార్టిన్ మాట క్రమక్రమముగా చల్లబడెను. జర్మనీలో నటియైన మాక్స్ సోదరికి మాక్స్ వ్రాసిన జాబు, చిరునామాదారు తెలియరాలేదను ముద్రతో తిరిగివచ్చెను. ప్రాణభయముతో ఆమె మార్టిన్ ఇంటికి పరుగెత్తిరాగా అతడు ఆశ్రయ మీయలేదనియు, ఆమెను అచ్చటనే చంపిరనియు తరువాత తెలియును. అటుపిమ్మట మాక్స్ వ్రాయు జాబులు చూచుటకు వట్టి వ్యాపారపు మాటలు. కాని జర్మను అధికారులు విప్పి చదువుదురని తెలిసియే, వారికి అనుమానము కలుగునట్లు అతడు వానిని వ్రాయుచుండెను. జాబే ఆయుధమాయెను. తుదిజాబునకు గూడ ఆ ముద్రయే పడి తిరిగివచ్చుటతో కథ ముగియును. మార్టిన్ ఏమయ్యెనో ఎవరును చెప్పరు. చెప్పవలసిన పనియు లేదు.

ఇందువలన మనము తెలిసికొనునది ఏమి? నిర్బంధకాలమున జాబును చదువువారు ఇద్దరు: పొందవలసినవాడు ఒకడు, నడుమ విప్పి చూచువాడు మరియొకడు. కావున వ్రాసిన దానికి పైయర్థము ఒకటి, లోనర్థము మరియొకటి యుండవచ్చును. మాట హఠాత్తుగా కుదించుకొనినను, చిరపరిచితుడు గౌరవవాచకములు వాడ మొదలిడినను, జాబుల నడుమ నెలలు గడచినను చదువరి అచ్చట ఆగి ఆలోచింపవలెను.

మరియొక జాగ్రత్త. ఇవి చరిత్రాత్మక నవలలే గాని చరిత్రగ్రంథములు కావు. గెర్న్సీ ఆక్రమణము, ఆకలి, పిల్లల వలస, పరదేశపు కూలివారి బాధలు, రావెన్స్‌బ్రూక్ శిబిరము నిజములు. జూలియట్, డాసీ, ఎలిజబెత్, వారి సంఘము కల్పితములు. జాబు రూపమున నున్నది గనుక నిజమైన జాబే యని భ్రమపడుట సులభము. ఏది జరిగినది, ఏది జరిగియుండవచ్చునని రచయిత్రి ఊహించినది అను భేదమును చదువరి మరువరాదు. నవల చదివిన పిమ్మట ఆ కాలపు చరిత్రను గూడ చదివినచో రెండును ఒకదానికొకటి వెలుగునిచ్చును.

మన యిండ్లలోను పూర్వము జాబులు 'ఉభయకుశలోపరి' అని మొదలగుచుండెను. 'మేమందరము క్షేమము' అను మాట చాటున పంట పోయిన దిగులో, బిడ్డకు వచ్చిన జ్వరమో దాగియుండుట కలదు. దూరముననున్నవారు బెంగపడుదురని దానిని వ్రాసెడివారు కారు. ఇప్పుడు టెలిఫోను చేతనుండుటచే జాబు వ్రాయువారు అరుదైరి. అయినను మీ యింట పాత పెట్టెలో తాతగారి జాబులు ఏవైన నున్నచో పెద్దల అనుమతితో వానిని చదువుడు. తేదీని చూడుడు, ఎవరు ఎవరికి వ్రాసిరో చూడుడు, ఏమి వ్రాయక విడిచిరో పెద్దల నడుగుడు. ఆ జాబులను గూర్చి చెప్పగలవారు ఇంట నున్నప్పుడే అడిగి తెలిసికొనుట మేలు.