వివిధ దేశాలలో ఎం.బి.ఏ. పాఠ్యప్రణాళికలు

ఎం.బి.ఏ. (మాస్టర్ ఆఫ్ బిజినెస్ అడ్మినిస్ట్రేషన్) వ్యాపార నిర్వహణలో స్నాతకోత్తర పట్టా. అకౌంటింగు, ఫైనాన్సు, మార్కెటింగు, మానవ వనరుల నిర్వహణ వంటి ప్రధాన విషయాలు దాదాపు అన్ని దేశాలలోనూ బోధిస్తారు. అయితే కోర్సు కాలపరిమితి, బోధనా పద్ధతి, విద్యార్థికి ఉండవలసిన అనుభవం, చట్టాల బోధన ఆయా దేశాల ఉద్యోగ సంప్రదాయాలను బట్టి మారుతుంటాయి.

అమెరికా

ఎం.బి.ఏ. పేరుతో మొదటి కోర్సును హార్వర్డు విశ్వవిద్యాలయం 1908లో ప్రారంభించింది. ఇది రెండేళ్ళ కోర్సు. 1920లలో ఇక్కడ కేసు పద్ధతి స్థిరపడింది. ఒక సంస్థ ఎదుర్కొన్న సమస్యను విద్యార్థులు ముందుగా చదివి వచ్చి తరగతిలో చర్చిస్తారు. ఈ చర్చలో పాల్గొన్నందుకు కూడా మార్కులుంటాయి. గురువు ఉపన్యాసాన్ని విని రాసుకొనే అలవాటున్న విద్యార్థులకు ఈ పద్ధతి కొత్తగా ఉంటుంది.

ఐరోపా, జపాన్

ఫ్రాన్సులో 1957లో స్థాపించబడిన ఇన్సియాడ్ ఏడాది ఎం.బి.ఏ.కు ప్రసిద్ధి చెందినది. జపానులో పెద్ద కంపెనీలు పట్టభద్రులను నేరుగా చేర్చుకొని, వివిధ విభాగాలలో పని చేయిస్తూ తామే శిక్షణ ఇచ్చే సంప్రదాయం ఉన్నది. అందువలన అక్కడ ఎం.బి.ఏ.కు ప్రాధాన్యం తక్కువ.

తెలుగు ప్రాంతం

ఆంధ్ర విశ్వవిద్యాలయం 1957లో ప్రారంభించిన ఎం.బి.ఏ. భారతదేశంలోని తొలి కోర్సులలో ఒకటి. విశ్వవిద్యాలయాల రెండేళ్ళ ఎం.బి.ఏ.లో ఐసెట్ ప్రవేశ పరీక్ష ద్వారా డిగ్రీ కాగానే చేరవచ్చు. ఉద్యోగానుభవం అవసరం లేదు. 2001లో హైదరాబాదులో తరగతులు ప్రారంభించిన ఇండియన్ స్కూల్ ఆఫ్ బిజినెస్, అమెరికాలోని కెల్లాగ్, వార్టన్ సంస్థల సహకారంతో ఏర్పడినది. దీని ప్రధాన కోర్సు కాలం ఒక సంవత్సరం. ఇందులో ఉద్యోగానుభవం ఉన్నవారికి ప్రాధాన్యం ఇస్తారు.

స్థానిక పరిస్థితులు

డచ్చి పరిశోధకుడు గీర్ట్ హాఫ్‌స్టెడ్ అనేక దేశాల ఐ.బి.ఎం. ఉద్యోగుల అభిప్రాయాలను పోల్చి 1980లో గ్రంథం ప్రచురించాడు. అమెరికాలో పుట్టిన నిర్వహణ సిద్ధాంతాలు ఇతర సంస్కృతులకు యథాతథంగా వర్తించవని ఆయన వాదన.

చట్టాల విషయంలో ఈ తేడా మరింత స్పష్టం. భద్రాద్రి కొత్తగూడెం జిల్లాలోని పాల్వంచ ఇందుకు ఉదాహరణ. థర్మల్ విద్యుత్కేంద్రం ఉన్న ఈ పారిశ్రామిక పట్టణం షెడ్యూల్డు ప్రాంతంలో ఉన్నది. ఇటువంటి ప్రాంతాలలో భూమిని గిరిజనులకు, వారి సహకార సంఘాలకు తప్ప ఇతరులకు బదిలీ చేయరాదని 1/70 చట్టంగా పేరొందిన 1970 నాటి నిబంధన చెబుతుంది. ప్రభుత్వ భూములను ప్రైవేటు గనుల సంస్థలకు లీజుకు ఇవ్వడం కూడా చెల్లదని 1997లో సమత కేసులో సుప్రీంకోర్టు తీర్పు ఇచ్చింది. భూమిని ఎవరైనా కొనవచ్చు, ఎవరికైనా అమ్మవచ్చు అనే పాఠ్యపుస్తకాల భావన ఇక్కడ వర్తించదు. ఇక్కడ పరిశ్రమ పెట్టదలచినవారు ఫైనాన్సు లెక్కలతో పాటు ఈ చట్టాన్ని, దానివలన రక్షణ పొందే గిరిజనుల హక్కులను కూడా తెలుసుకోవలసి ఉంటుంది.