వార్తల్లో పదం: స్క్రోలింగ్

టీవీ తెర అడుగున ఆగకుండా కదిలే వార్తల వరుసే స్క్రోలింగ్. 2001 సెప్టెంబరు 11 దాడుల రోజు నుంచి అమెరికా వార్తా ఛానళ్లలో ఇది స్థిరపడింది. తెలుగు ఛానళ్లలో దీనికి బ్రేకింగ్ పట్టీలు, ప్రకటనలు తోడయ్యాయి. 2022 నవంబరు 6నాటి మునుగోడు ఉప ఎన్నిక ఓట్ల లెక్కింపులాంటి సందర్భాల్లో రౌండ్లవారీ ఆధిక్యాలు చెప్పడానికి ఇది సరైన సాధనం.

విషాదాల్లో మాత్రం జాగ్రత్త కావాలి. 2025 ఫిబ్రవరి 22న, నల్గొండకు కృష్ణా నీళ్లు తేవాల్సిన ఎస్‌ఎల్‌బీసీ సొరంగం పైకప్పు ఉమ్మడి మహబూబ్‌నగర్‌లోని దోమలపెంట వద్ద కూలి 8 మంది చిక్కుకున్నారు. అలాంటి వేళ ధ్రువపడని ఒక్క వాక్యమైనా ఎదురుచూసే కుటుంబాలను కుంగదీస్తుంది. పైగా యాంకర్ ఒకటి చెబుతుంటే పట్టీ మరొకటి చూపితే రెండూ బుర్రకెక్కవు. చూపు తగ్గిన పెద్దలకు, చదువురాని వారికి మరీ కష్టం. ఛానళ్లు పట్టీలు తగ్గించి, ధ్రువపడిన వార్తనే తెరపై నడపాలి.