పోడు మీద మోపిన నేరం

తెల్లదొరలు చట్టం తెచ్చి కాపాడిన అడవిని పోడు సేద్యగాళ్లు నరికి పాడుచేశారన్న మాట నర్సీపట్నం ప్రాంతంలో నేటికీ చలామణీలో ఉంది. దాన్ని నమ్మినవారికి రోలుగుంట మండలపు కొండ శివారు గ్రామాల్లో హక్కు పత్రం అడిగే ప్రతి గిరిజనుడూ ఆక్రమణదారుగానే కనిపిస్తాడు.

1882 నాటి మద్రాసు అటవీ చట్టం చెట్ల మీద జాలితో పుట్టలేదు. కొండవాలున పొదలు కొట్టి కాల్చి, కొన్నేళ్లు సామ, చోడి పండించి, నేల కోలుకునేదాకా వదిలేసే పోడును ఆ చట్టం కట్టడి చేసింది; వంటచెరకుకూ పశువుల మేతకూ రుసుము, అనుమతి అవసరమయ్యాయి; విలువైన కలప సర్కారు సొత్తయింది. పంతొమ్మిదో శతాబ్దపు రెండో సగంలో రైలు పట్టాల కింద పరిచే దిమ్మెలకు దేశమంతటా కలప కావలసివచ్చింది. ఆ రైళ్లను వేసిన తొలి కంపెనీలకు లాభం రాకున్నా 5 శాతం వడ్డీ దక్కేలా భారత ఖజానా హామీ నిలిచింది. ప్రతిఫలం లేకుండా దేశం దాటిపోయే ఇటువంటి సొమ్మునే ‘సంపద తరలింపు’ అని దాదాభాయి నౌరోజీ లెక్కకట్టి, ఆ వాదాన్ని 1901లో గ్రంథంగా వెలువరించాడు. ఆయన అంకెల్లో పట్టుకున్నదాన్ని మన్యం రుసుముల్లో, వెట్టిలో అనుభవించింది. సొంతానికి దించుకునే కల్లును గుత్తేదార్ల చేతిలో పెట్టినందుకు 1879లో రంప ఫితూరీ లేచింది. పోడు మీది ఆంక్షలూ ఘాట్ రోడ్డు పనిలో కూలి ఎగవేతా కలిసి 1922లో అల్లూరి సీతారామరాజు వెంట జనాన్ని నడిపించాయి. ఇదంతా గూడెం డిప్యూటీ తహసీల్దారు బాస్టియన్ ఒక్కడి దురుసుతనమేనని తేల్చేయడం సినిమాకు సరిపోతుంది, చరిత్రకు చాలదు.

పోడు నేలకు ఏ హానీ చేయదనడమూ నిజం కాదు. బీడు వదిలే గడువు తగ్గితే వాలు మీది మట్టి వానకు కొట్టుకుపోతుందన్నంతవరకు అటవీ శాఖ వాదన ఒప్పుకోక తప్పదు. అయితే రిజర్వు హద్దులు గీసి, తిరిగి తిరిగి సాగుచేసుకునే కొండను కుదించినప్పుడు ఆ గడువు ఎలా మిగులుతుందో ఆ వాదన చేసేవారే చెప్పాలి.

ఐదో షెడ్యూలు ప్రాంతం బయట ఉన్నవారికి హక్కు పత్రం రాదన్నది మరో వదంతి. 2006 అటవీ హక్కుల చట్టం అటువంటి షరతు పెట్టలేదు. 2005 డిసెంబరు 13 నాటికి సాగులో ఉన్న గిరిజనుడు 4 హెక్టార్లకు మించకుండా గ్రామసభలో హక్కు కోరవచ్చు. సర్కారు కాగితం లేకపోతే ఊరి పెద్దల వాంగ్మూలాన్ని రాతపూర్వకంగా జతచేయాలి. గ్రామసభ తీర్మానం నకలు దగ్గర ఉంచుకోవాలి. ఆ తీర్మానంపై అభ్యంతరముంటే 60 రోజుల్లోగా సబ్‌డివిజన్ స్థాయి కమిటీకి అర్జీ పెట్టుకోవాలి.