పుష్యమికి పిడికిలంత దూరంలో మరో సూర్యుడు



పుష్యమి కార్తె అనగానే మన ఉట్నూర్ రైతు కుటుంబాలకు వానలు, పత్తి చేన్లలో కలుపు పనులు గుర్తొస్తాయి. ఆ రోజుల్లో సూర్యుడు పుష్యమి దగ్గరే ఉంటాడు కాబట్టి ఆ నక్షత్రం మనకు కనబడదు. అదే మార్చిలో రాత్రి 9 గంటల వేళ అది సరిగ్గా మన నడినెత్తిన ఉంటుంది. దానికి ఉత్తరంగా, చేయి చాచి పట్టిన పిడికిలంత దూరంలో ఒక మసక చుక్క ఉంది. పేరు 55 కాంక్రి. అది మన సూర్యుడి లాంటి నక్షత్రమే, బరువు మాత్రం కాస్త తక్కువ. దాని చుట్టూ 5 గ్రహాలు తిరుగుతున్నట్టు ఇప్పటివరకు తెలిసింది.

"సూర్యుడి లాంటిదైతే అంత మసకగా ఎందుకుంది?" అని మీ పిల్లలు అడగవచ్చు. కారణం దూరం. అది సుమారు 41 కాంతి సంవత్సరాల దూరంలో ఉంది. ఈ రాత్రి మీ కంటికి చేరే దాని వెలుగు మీలో చాలామంది పుట్టకముందో, పలక పట్టిన రోజుల్లోనో బయలుదేరింది.

కనబడని గ్రహాలు ఎలా తెలిశాయి?

పాపను రెండు చేతులతో పట్టుకుని గిరగిరా తిప్పితే మీరూ అటూ ఇటూ ఊగుతారు. చీకట్లో పాప కనబడకపోయినా, మీ ఊగిసలాటను బట్టి ఎవరినో తిప్పుతున్నారని చూసేవాళ్లకు తెలుస్తుంది. నక్షత్రంలో అలాంటి ఊగిసలాటనే గమనించి 1996లో మొదటి గ్రహాన్ని, 2007లో ఐదో దాన్ని ప్రకటించారు.

తప్పు దిద్దుకున్న కథ

2004లో దొరికిన 'ఇ' అనే గ్రహం 2.8 రోజులకు ఒక చుట్టు తిరుగుతుందని మొదట లెక్కగట్టారు. కానీ కొలతలు రాత్రిపూట మాత్రమే తీయడం వల్ల మధ్యలో తిరిగిన చుట్లు లెక్కకు రాలేదు. 2010లో ఇద్దరు పరిశోధకులు అవే పాత కొలతలను మళ్లీ పరిశీలించి, అసలు సమయం 18 గంటల లోపేనని చెప్పారు. అంటే ఉదయం 6 గంటలకు మొదలైన ఏడాది అర్ధరాత్రికల్లా ముగిసిపోతుంది! మరుసటి ఏడాది అంతరిక్ష టెలిస్కోపులతో చూస్తే, ఆ లెక్క ప్రకారమే గ్రహం అడ్డొచ్చిన ప్రతిసారీ నక్షత్రం వెలుగు రవ్వంత తగ్గింది.

2012లో, వారణాసి బీహెచ్‌యూలో ఇంజనీరింగ్ చదివిన నిక్కు మధుసూదన్ బృందం ఈ గ్రహంలో పెద్ద భాగం వజ్రం కావచ్చని ప్రతిపాదించింది. 2013లో మరో బృందం ఆ నక్షత్రంలో కార్బన్ అనుకున్నంత లేదని తేల్చడంతో వజ్రం మాట సందేహంలో పడింది. 2024లో జేమ్స్ వెబ్ టెలిస్కోపు ఆ గ్రహానికి వాతావరణం ఉండవచ్చన్న ఆధారాలు చూపింది.

ఇక్కడ ఎవరి మార్కులూ పోలేదు. ఎవరు ఎలా లెక్క వేశారో రాసిపెట్టారు కాబట్టే తర్వాతివారు దిద్దగలిగారు. మీ బాబు తప్పు జవాబుతో ఇంటికొస్తే, మార్కుల మాటకంటే ముందు "ఈ జవాబు నీకెలా వచ్చింది?" అని అడిగి చూడండి.

ఈ నెల ఇంటిల్లిపాదీ

వెన్నెల లేని రాత్రి, వీధి దీపాలకు దూరంగా పిల్లలతో డాబా ఎక్కండి. ఫోన్లు కింద పెట్టి పావుగంట కళ్లను చీకటికి అలవాటు పడనివ్వండి. బైనాక్యులర్ ఉంటే 55 కాంక్రి తేలిగ్గా దొరుకుతుంది.