క్రీటు ద్వీపంలో పల్లె బస్సు ప్రయాణం

విహారయాత్ర అనగానే కారు, హోటలు, చేతినిండా డబ్బు ఉన్నవాళ్ల వ్యవహారమని మనలో చాలామంది అనుకుంటాం. కానీ గ్రీసు దేశపు ద్వీపాలన్నిటిలోకి పెద్దదైన క్రీటును అక్కడి ఊరి బస్సుల్లోనే చాలావరకు చూసి రావచ్చు. అదెలాగో తెలుసుకుందాం.

క్రీటు తూర్పు పడమరలుగా దాదాపు 260 కిలోమీటర్ల పొడవు ఉంటుంది. నడుమ అంతా కొండలు. వాటిలో ఎత్తైన శిఖరం 2,456 మీటర్లు. పెద్ద పట్టణాలైన హన్యా, రేథిమ్నో, ఇరాక్లియో, అయియోస్ నికోలాయోస్ అన్నీ ఉత్తర తీరంలోనే, ఒకే రహదారి వెంట ఉన్నాయి. ఆ రహదారి నుండి చీలి, కొండలు దాటి దక్షిణానికి పోయే దారులు దువ్వెన పళ్లలా ఉంటాయి. దక్షిణ తీరం వెంట ఈ చివరి నుండి ఆ చివరికి రోడ్డు లేదు. అందుచేత ఒక దక్షిణపు ఊరి నుండి మరొక దక్షిణపు ఊరికి బస్సులో పోవాలంటే చాలాసార్లు ఉత్తరానికి తిరిగి వచ్చి మరో బస్సు ఎక్కాలి.

ఈ బస్సులు నడిపేది మన ఆర్టీసీ లాంటి ప్రభుత్వ సంస్థ కాదు. బస్సుల యజమానులు ప్రాంతాలవారీగా కలిసి నడుపుకునే ‘క్తెల్’ అనే ఏర్పాటు ఇది. 1952 నాటి చట్టంతో వచ్చింది. ‘బస్సు వసూళ్ల ఉమ్మడి నిధి’ అని ఆ పేరుకు అర్థం. క్రీటులో ఇలాంటివి రెండున్నాయి. పడమటి సగానికి ఒకటి, తూర్పు సగానికి ఒకటి.

ఇక వేళలు. పట్టణాల మధ్య రోజంతా బస్సులుంటాయి. చాలా పల్లెలకు మాత్రం పొద్దున్నే ఒకటి, మధ్యాహ్నం ఒకటి. పిల్లలు బడికి, పెద్దలు పనులకు పట్నం వెళ్లి రావడానికి అనువుగా ఆ వేళలు పెట్టారు. ఆదివారం బస్సులు బాగా తగ్గిపోతాయి. చలికాలం పట్టిక వేరు, వేసవి పట్టిక వేరు. వచ్చేవారు ఎవరైనా పల్లెవాళ్ల వేళలకే సర్దుకోవాలి. బస్సు లేక చదువు మానేసిన ఆడపిల్లలను చూసిన మనకు, బడి వేళకు వచ్చే బస్సు విలువ ఎవరూ చెప్పనక్కరలేదు.

బస్సు బోర్డు చదవడం మరో ముచ్చట. గ్రీకులో హన్యా పేరు ఇంగ్లీషు ‘ఎక్స్’ లాంటి అక్షరంతో, రేథిమ్నో ‘పి’ లాంటి అక్షరంతో, ఇరాక్లియో ‘హెచ్’ లాంటి అక్షరంతో మొదలవుతాయి. వాటిని పలికేది మాత్రం హ, ర, ఇ అని. ఇక్కడ కాన్వెంటులో చదివినవారూ మనమూ సమానమే! ఇద్దరమూ మళ్లీ ఓనమాలు దిద్దాల్సిందే.

ఒక ప్రయాణం ఉదాహరణగా చెబుతాను. వేసవిలో హన్యాలో తెల్లవారుజామున బస్సెక్కితే ఒమాలోస్ పీఠభూమికి చేరుస్తుంది. అక్కడి నుండి సమరియా లోయలో 16 కిలోమీటర్లు నడిచి దిగితే సముద్రం ఒడ్డున అయియా రుమేలి వస్తుంది. ఆ ఊరికి రోడ్డే లేదు. పడవలో స్ఫాకియా చేరితే, పడవ వేళకు అందేలా హన్యా బస్సు ఉంటుంది. ఆ ఒక్క బస్సు తప్పితే రాత్రికి అక్కడే ఉండిపోవాలి. అందుకే తిరుగు బస్సు వేళ తెలుసుకున్నాకే బయలుదేరాలన్నది మొదటి నియమం.

తమ్ముళ్లూ, చెల్లెళ్లూ! రేపు మీలో ఎవరైనా పై చదువులకు జర్మనీకో ఫ్రాన్సుకో వెళ్లి, అక్కడి నివాస అనుమతి పొందితే, కొద్దిరోజుల గ్రీసు ప్రయాణానికి వేరే వీసా అక్కరలేదు. అప్పుడు కారు లేదని వెనుకాడకండి. ముందే వెళ్లి నిలబడటం, పక్కవారిని అడగటం, చివరి బస్సు వేళ గుర్తుపెట్టుకోవటం మనకు చిన్ననాటి నుండి వచ్చిన విద్యలే. ప్రపంచం చూడటానికి అవి చాలా అక్కరకొస్తాయి.