మూలపడ్డ ట్రాక్టరుకు మళ్లీ ప్రాణం

షెడ్డులో రెండు మూడేళ్లు కదలకుండా ఉన్న ట్రాక్టరును బాగు చేయడంలో మొదటి సూత్రం, బ్యాటరీ బిగించి వెంటనే సెల్ఫ్ కొట్టకపోవడం. గుంటూరు, పల్నాడు, ప్రకాశం జిల్లాల పత్తి, మిరప ఊళ్లలో కొత్త బండి రాగానే పాతది చూరు కిందికి చేరుతుంది. మాసీ ఫెర్గూసన్ 1035, 1974లో మొదలైన స్వరాజ్ 724, పింజోరులో తయారైన హెచ్‌ఎంటీ జీటర్ లాంటి పాత బండ్లలో కంప్యూటర్లు, సెన్సార్లు లేవు. అందుకే వాటిని ఓపిక ఉన్న మెకానిక్కు ఊళ్లోనే బతికించగలడు. తొందరపడితే మాత్రం బాగుపడే ఇంజను కాస్తా పూర్తిగా పాడవుతుంది.

ముందుగా సైలెన్సరు చూడాలి. నిటారుగా లేచిన గొట్టానికి మూత లేకపోతే వాన నీళ్లు నేరుగా లోపలికి దిగుతాయి. తెరిచి ఉన్న వాల్వు గుండా సిలిండరులోకీ చేరతాయి. నీళ్లను గాలిలా నొక్కడం కుదరదు. ఆ స్థితిలో సెల్ఫ్ కొట్టినా, తాడు కట్టి లాగి గేరులో వేసినా కనెక్టింగ్ రాడ్డు వంగుతుంది. కాబట్టి నాజిళ్లు విప్పాలి, ఒక్కో సిలిండరులో రెండు మూడు చెంచాల ఇంజను ఆయిల్ పోసి ఒక రాత్రి వదిలేయాలి. మర్నాడు ముందువైపు పుల్లీ నట్టుకు స్పానరు పెట్టి చేత్తో తిప్పాలి. పట్టేసి ఉంటే మళ్లీ ఆయిల్ పోసి ఆగాలే తప్ప బలం ప్రయోగించకూడదు. రెండు పూర్తి చుట్లు తేలిగ్గా తిరిగితే సగం గండం గడిచినట్టే.

ఎయిర్ క్లీనరు విప్పితే ఎలుక గూడు బయటపడవచ్చు. పత్తి ఇంటికి చేరే ఊళ్లలో ఆ గూటికి దూది కొరత ఉండదు. ఎలుకలు వైర్ల తొడుగు కూడా కొరుకుతాయి కనుక బ్యాటరీ తగిలించే ముందు వైరింగ్ మొత్తం తడిమి చూడాలి.

అసలు చిక్కు డీజిల్ దగ్గర ఉంటుంది. సగం నిండిన ట్యాంకు లోపలి గోడలపై రాత్రి చల్లదనానికి తేమ పడుతుంది. డీజిల్ కన్నా బరువైన నీళ్లు అడుక్కు దిగి తుప్పు పుట్టిస్తాయి. నీళ్లూ డీజిలూ కలిసే చోట సూక్ష్మజీవులు పెరిగి నల్లటి జిగురు కడతాయి. పాత డీజిలు మొత్తం తీసేసి, ట్యాంకు కడిగి, ఫిల్టర్లు మార్చాలి. తర్వాత గొట్టాల్లో ఎయిర్ తీయాలి. ఫిల్టరు పైన ఉన్న చిన్న స్క్రూ వదులు చేసి చేతి పంపు కొడుతుంటే మొదట నురగ వస్తుంది, తర్వాత బుడగలు, చివరికి సన్నని తేట ధార. ధార నిలకడగా వచ్చాకే స్క్రూ బిగించాలి. తర్వాత ఇంజెక్షన్ పంపు దగ్గరా అదే పని చేయాలి. నాజిల్ చిమ్మే డీజిలుకు మాత్రం చెయ్యి అడ్డం పెట్టకూడదు. ఆ వేగానికి అది చర్మంలోకి దిగుతుంది, అప్పుడు ఆసుపత్రికి పరుగెత్తక తప్పదు.

స్టార్ట్ చేసేముందు స్టాప్ నాబ్ లాగి చూడాలి. పంపు లోపలి కడ్డీ జామ్ అయి ఉంటే ఇంజను అదుపు తప్పి అరుస్తుంది, ఆగదు. పీల్చే గాలి మార్గాన్ని మూయడానికి ఒక చెక్కముక్క దగ్గర ఉంచుకోవడం మంచిది, చేయి ఎన్నడూ పెట్టకూడదు. ఇంజను ఆయిల్ కొత్తది పోసి, రేడియేటరు నింపి, అప్పుడే సెల్ఫ్ కొట్టాలి. అంటుకున్నాక ఆయిల్ ప్రెషర్ ముల్లు కొద్ది సెకన్లలో లేవకపోతే వెంటనే ఆపాలి. మొదట వచ్చే తెల్ల పొగ కాలని డీజిలుది. వేడెక్కాక అది తగ్గాలి. తగ్గకుండా రేడియేటరులో నీళ్లు కూడా పడిపోతుంటే హెడ్ గ్యాస్కెట్‌ను అనుమానించాలి.

గేరు పడకపోతే క్లచ్ ప్లేటు తుప్పుతో అంటుకున్నదని అర్థం. నిలిపి ఉంచేటప్పుడే పెడల్ తొక్కి కర్రతో బిగిస్తే ఈ బాధ ఉండదు. పొలంలో గొర్రు లాగినంత మాత్రాన బండి సిద్ధమైనట్టు కాదు. మిరప టిక్కీలు (బస్తాలు) వేసుకుని గుంటూరు మిర్చి యార్డుకు బయలుదేరేముందు కుడి, ఎడమ బ్రేకులు సమానంగా పట్టేలా సరిచేసి, రెండు పెడళ్లనూ లాక్‌తో కలిపి, ఖాళీ ట్రక్కు (ట్రెయిలరు) తగిలించి ఒకసారి ఆపి చూడాలి.